మూడో వార్డులో 1976 అమలు

పరాంకుశం గారి మీద కరణాల వీధిలో ఎవరికీ కోపం లేదు, ఒక్క తాయారమ్మ గారికి తప్ప. ఆవిడ ఆయనకి భార్యే కాబట్టి ఆ ఒక్క కోపాన్నీ పట్టించుకోనక్కర్లేదని ఆయన చాలాకాలం అనుకున్నారు.

అసలు జరిగిందేమిటంటే, గుమ్మళ్లపాడు పురపాలక సంఘం మూడో వార్డు, కరణాల వీధిలో కాపురముంటున్న పరాంకుశం గారు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఫాల్గుణ మాసంలో ఒక మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి, పడక్కుర్చీలో వాలి, ఫ్యాను నాలుగు మీద పెట్టుకుని, సెల్‌ఫోనులో ఒక సందేశం రాయడం మొదలుపెట్టారు. "ఆ రోజులే వేరు" అన్నది మొదటి వాక్యం. రెండో వాక్యం రాబోతుండగా వంటింట్లో మిక్సీ మోగింది.

"ఏమేవ్, కాసేపు ఆ రొద ఆపుతావా? ఇక్కడ రుబ్బురోలు గురించి రాసుకుంటుంటే మనసు కుదరడం లేదు" అని కేకేశారు.

తాయారమ్మ గారు ఆపారు. ఆయనకి మనసు కుదిరింది.

"మా పెళ్లైన కొత్తలో, అంటే 1976 ప్రాంతంలో, మిక్సీల్లేవు. రుబ్బురోట్లో రుబ్బిన గోంగూర పచ్చడి రుచి ఇప్పుడేదీ? కట్టెపొయ్యి మీద ఉడికిన అన్నానికి ఆ పొగ వాసనే ఒక అందం. వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడితే ఊరి కబుర్లన్నీ చెవిన పడేవి. సెల్లు లేదు, ఉత్తరం కోసం ఎదురుచూడటంలో ఒక తీపి. టెలిగ్రాం వస్తే వీధి వీధంతా ఏడ్చేది, ఆ ఏడుపులో కూడా ఎంత ఆప్యాయత! ఆ రోజులు మళ్లీ వస్తే ఎంత బాగుండు!" అని రాసి, చివర కన్నీళ్లు కారే బొమ్మలు మూడు పెట్టి, వార్డు వాట్సాప్ గ్రూపులో వదిలారు. రాసింది బాగా వచ్చిందన్న తృప్తితో ఓ కునుకు తీశారు.

ఆ సందేశం ఊరంతా తిరిగింది. శుక్రవారం నాటికి అది తిరిగి తిరిగి ఆయన దగ్గరికే నాలుగుసార్లు వచ్చింది, ప్రతిసారీ వేరే ఎవరి తాతగారో రాసినట్టుగా. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ గ్రూపులో వార్డు కార్యదర్శి ఉన్నాడు. ఆ నెల పౌర ఫిర్యాదుల విభాగానికి రావలసినన్ని ఫిర్యాదులు రాలేదని పైనుంచి అతనికి అక్షింతలు పడుతున్నాయి. "ఎంత బాగుండు" అనే మాట కనపడగానే అతని ప్రాణం లేచివచ్చింది. వెంటనే నమోదు చేశాడు. ఫిర్యాదుదారు: పరాంకుశం. ఫిర్యాదు: ఆ రోజులు మళ్లీ రాకుండుట. పరిష్కార గడువు: పదిహేను రోజులు.

ఫిర్యాదంటూ నమోదయ్యాక దాన్ని పరిష్కరించకుండా వదిలేస్తే కమిషనర్ గారి పేరు పక్కన ఎర్రగుర్తు పడుతుంది. కమిషనర్ ప్రభంజన్ గారు ముప్ఫై ఏళ్లు నిండని ఉత్సాహవంతుడు. ఆయన పేరు పక్కన ఇంతవరకూ ఎర్రగుర్తు లేదు.

పదమూడో రోజున కరణాల వీధి మొగలో షామియానా వేశారు. పరాంకుశం గారికి శాలువా కప్పి, "స్మృతిప్రదాత" అని బిరుదిచ్చారు. ఆయన కళ్లు చెమర్చాయి. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక్కసారైనా ఆయనకి దండ వేసినవాళ్లు లేరు. ఆ తర్వాత గరుడాచలం అనే ఒక సన్నటి యువకుడు లేచి గొంతు సవరించుకున్నాడు. అతన్ని ఈ పని మీదే స్మృతుల ప్రత్యేకాధికారిగా నియమించారట.

"ఇందుమూలముగా సమస్త లబ్ధిదారులకు తెలియజేయడమేమనగా, గతకాల జీవన పునఃప్రతిష్ఠ పథకం కింద కరణాల వీధిని ప్రయోగాత్మకంగా ఎంపిక చేయడమైనది. రేపటి సూర్యోదయము మొదలుకొని సదరు వీధి హద్దులలో 1976వ సంవత్సరం అమలులో ఉండును. 1976 తదనంతరం వచ్చిన పరికరములను ఆధునికతా గోదాములో జమచేసి రసీదు పొందవలెను. రెండు మాసముల పిమ్మట తనిఖీ జరిపి, ఫలితములు సంతృప్తికరముగా ఉన్నచో పథకము శాశ్వతము చేయబడును."

జనం చప్పట్లు కొట్టారు. మొగవాళ్లు కొట్టారని చెప్పడం న్యాయం. ఎదురింటి కోదండపాణి మాస్టారు, రిటైర్డ్ హెడ్‌మాస్టరు, అందరికంటే గట్టిగా కొట్టారు. "శభాష్ పరాంకుశం! నాకూ అన్నీ గుర్తున్నాయోయ్, నువ్వు రాశావు, నేను రాయలేదు, అంతే తేడా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి మిక్సీలు, గ్రైండర్లు, గ్యాసు సిలిండర్లు, వాషింగ్ మెషీన్లు, సెల్‌ఫోన్లు అన్నీ ఎత్తుకెళ్లింది. ఇళ్లల్లో కుళాయిలు బిగించేసి, వీధి మధ్యలో ఒక్క కుళాయి పెట్టారు. ఇంటింటికీ ఒక రుబ్బురోలు, పొత్రం, కట్టెలు, ఊదుగొట్టం పంచారు. ఫ్యాన్లు మాత్రం పోలేదు. 1976లో ఫ్యాన్లున్నాయని పరాంకుశం గారు నొక్కి చెప్పారు, అధికారులు రాసుకున్నారు.

తాయారమ్మ గారు రుబ్బురోలుకేసి చూసి, ఆయనకేసి చూసి, "ఎంతపని చేశారండీ!" అన్నారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. కుడిభుజం రెండేళ్లుగా పైకి లేవడం లేదు. జడ కూడా పక్కింటావిడ చేత వేయించుకుంటున్నారు. ఆ చేత్తోనే పొత్రం పట్టుకుని గోంగూర నూరారు. పరాంకుశం గారు పడక్కుర్చీలో కూర్చుని, పళ్లెంలో వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని, కళ్లు మూసుకుని, "ఆహా, అదీ! సరిగ్గా అదే రుచి!" అన్నారు. కళ్లు మూసుకున్నారు కాబట్టి ఆవిడ భుజం పట్టుకుని గోడకి చేరబడటం ఆయనకి కనిపించలేదు.

ఇక పథకం అమలు విషయానికొస్తే, గరుడాచలం నిష్ఠ గురించి వేలెత్తి చూపడానికి లేదు. అతను పుట్టింది 1995లో. అందువల్ల 1976 గురించి అతనికి ఎలాంటి దురభిప్రాయాలూ లేవు. చేతిలో ఒక మార్గదర్శక పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పచ్చడి నాలుక మీద వేసుకుని, "ఇది మరీ మెత్తగా ఉందమ్మా, యంత్రసాయం ఉన్నట్టు అనుమానం. పలుకు తగలాలని మార్గదర్శకాల్లో ఉంది" అనేవాడు. పొయ్యి దగ్గర కళ్లు నీళ్లు కారుతున్నాయా లేదా అని వంగి చూసేవాడు. కారకపోతే పొడికట్టెలు మార్చి పచ్చికట్టెలు పంపించేవాడు.

వీధిలో ఎవరూ సెల్‌ఫోను వాడటం లేదని రోజూ రుజువు చూపించాలి. ఆ రుజువుని సెల్‌ఫోనులో ఒక యాప్ ద్వారానే పంపాలి. కాబట్టి రోజూ పది గంటలకి వీధిలోవాళ్లంతా గోదాముకి వెళ్లి, వరసలో నిలబడి, ఎవరి ఫోను వాళ్లు రసీదు మీద విడిపించుకుని, చేతిలో ఫోను లేనట్టుగా తమ ఫోటో తామే తీసుకుని, అది పంపి, మళ్లీ ఫోను జమచేసి రావాలి. చేతిలో ఫోను లేకుండా తన ఫోటో తాను తీసుకోవడం ఎలాగని పరాంకుశం గారు అడిగారు. "అది లబ్ధిదారుల నైపుణ్యానికి వదిలివేయబడినది" అన్నాడు గరుడాచలం.

అన్నిటికంటే చిక్కు ఆటో మస్తాన్ వలీకి వచ్చింది. అతను పుట్టింది 1981లో. రికార్డుల ప్రకారం అతను ఇంకా పుట్టలేదు.

"నేనేం జెయ్యాల సారూ? ఆటో ఎట్టాగూ తీసుకెళ్లిపోతిరి. ఇప్పుడు మనిషినే లేనంటే ఎట్టా?" అని మొత్తుకున్నాడు.

"మీరు పగటిపూట వీధిలో కనబడితే కాలదోషం అవుతుంది" అన్నాడు గరుడాచలం చాలా మర్యాదగా. "జన్మపూర్వ అనుమతి పత్రం కోసం దరఖాస్తు చేసుకోండి. దాని మీద మీ నాన్నగారి సంతకం కావాలి, మిమ్మల్ని ఇంకా కననట్టు."

పథకం మొదలై ఏడు వారాలు కాకముందే తాయారమ్మ గారి చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఆటో లేదు. పోనీ రిక్షా తొక్కించుకుందామంటే మస్తాన్ వలీ ఇంకా పుట్టలేదు. ఎండలో నడిచి వెళ్లి, నడిచి వచ్చారు. డాక్టరు ఇంకో నెల ఇలాగే రుబ్బితే ఆ చెయ్యి ఇక పనికి రాదని చెప్పి పంపించాడు. ఆ మాట పరాంకుశం గారికి చెబితే, "అయ్యయ్యో! పోనీ రేపణ్నుంచి పచ్చడి ఒక పూటే చెయ్యి" అన్నారు. ఆయన నిజంగానే దయతలచి అన్నారు. అందుకే ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే టెలిగ్రాం వచ్చింది. ప్రభుత్వం ఎప్పుడో ఎత్తేసిన టెలిగ్రాంని ఈ వీధి కోసం పురపాలక సంఘంవారు ప్రత్యేకంగా పునరుద్ధరించారు. సైకిలు గంట వినపడగానే గరుడాచలం ముందుగా పరుగెత్తుకొచ్చి, "విప్పకండి! విప్పకండి! టెలిగ్రాం వచ్చిన ఇంటివారు విప్పకముందే ఏడవవలెనని స్మృతిప్రదాత గారి సందేశంలోనే ఉంది. వీధి వీధంతా ఏడవాలి" అన్నాడు.

వీధంతా చేరింది. కోదండపాణి మాస్టారు మొదలెట్టారు, ఆయన గొంతు పెద్దది. గరుడాచలం గడియారం చూసుకుంటూ, "ఆప్యాయత చాలడం లేదు, ఇంకాస్త" అంటున్నాడు. పావుగంట ఏడ్చాక నిజంగానే కొందరికి ఏడుపొచ్చింది. ఎందుకంటే పొయ్యి మీద పెట్టిన పప్పులు మాడిపోతున్నాయి. ఆ తర్వాత విప్పి చదివారు. తెనాలిలో ఉన్న తాయారమ్మ గారి చెల్లెలు కొట్టిన టెలిగ్రాం అది. "కాయలు వచ్చాయి. ఆవకాయకి రా."

తాయారమ్మ గారు ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడి వేసుకున్నారు. అందరూ వెళ్లిపోయాక భర్త ఎదురుగా వచ్చి నిలబడ్డారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అలా ఎదురుగా నిలబడటం ఆయన చూడలేదు.

"వచ్చే శనివారం తనిఖీ. ఆ రోజున దీన్ని శాశ్వతం చేస్తే నేను మధ్యాహ్నం బస్సుకి తెనాలి వెళ్లిపోతున్నాను" అన్నారు.

"ఆవకాయకేగా, వెళ్లిరా. వారంలో వచ్చేస్తావు" అన్నారాయన.

"రాను. ఈ వీధి ఏ సంవత్సరంలో ఉంటే ఆ సంవత్సరంలో మీరుండండి. నేను ఒకసారి ఉండొచ్చాను. మళ్లీ ఉండలేను."

ఆవిడ అన్నదంటే అన్నదే. ఆవిడ మాట తప్పిన సందర్భం ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఆ పూటంతా వెతికి చూశారు, దొరకలేదు. ఆవిడ లేని ఇల్లు ఊహించుకోబోతే తన కళ్లజోడు ఎక్కడుంటుందో కూడా తెలియదని తట్టింది. మర్నాడు ఉదయాన్నే గరుడాచలం దగ్గరికి పరుగెత్తారు.

"బాబూ, ఆ ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటున్నాను."

"వీలుకాదండీ. ఫిర్యాదు పరిష్కారమైపోయింది. మీరు సంతృప్తి చెందినట్టు నమోదు కూడా అయింది."

"నేను సంతృప్తి చెందలేదయ్యా!"

"ఆ రోజు శాలువా కప్పినప్పుడు మీ కళ్లు చెమర్చాయి కదండీ. ఫోటో ఉంది" అన్నాడు గరుడాచలం. ఆ తర్వాత కాస్త జాలిపడి మార్గదర్శక పుస్తకం తిరగేశాడు. "పథకంలో ప్రవేశానికి నిబంధనలున్నాయి గాని బయటికి రావడానికి లేవు. ఒక్కటే ఉంది. లబ్ధిదారులకు జ్ఞాపకం ఉన్నంతకాలం మాత్రమే పథకం వర్తిస్తుంది. మీకు జ్ఞాపకం లేదని రాసిస్తారా?"

పరాంకుశం గారు నిలువునా నీరుగారిపోయారు. స్మృతిప్రదాత! ఊళ్లో చిన్నాపెద్దా కనపడితే ఆ బిరుదుతోనే పిలుస్తున్నారు. తనకేమీ గుర్తులేదని తన చేత్తో ఎలా రాసిస్తారు? ఇంకేదైనా దారి దొరక్కపోతుందా అనుకుంటూ ఇంటికొచ్చారు. శనివారం వరకూ ఏ దారీ దొరకలేదు.

శనివారం ఉదయం షామియానా మళ్లీ వేశారు. ప్రభంజన్ గారు పంచె కట్టుకుని వచ్చారు. 1976కి గౌరవ సూచకంగా అట. వీధిని కలయజూసి, పొగకి ఎర్రబడిన ఆడవాళ్ల కళ్లు చూసి, "అద్భుతం! లబ్ధిదారుల్లో భావోద్వేగం కొట్టొచ్చినట్టు కనబడుతోంది" అన్నారు. "శాశ్వతీకరణకు ముందు మహిళా లబ్ధిదారుల అభిప్రాయం నమోదు చేయడం ఆనవాయితీ. ఎవరైనా ఒకరు రెండు ముక్కలు మాట్లాడండమ్మా" అన్నారు.

తాయారమ్మ గారు లేచారు. ఎడమ చేత్తో మైకు పట్టుకున్నారు, కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. పరాంకుశం గారు ఆవిడ తిడుతుందనుకుని తలొంచుకున్నారు.

"అయ్యా, మా వారు రాసిందాంట్లో అబద్ధం లేదు" అని మొదలెట్టారావిడ. "రోటి పచ్చడి రుచిగానే ఉండేది. ఆయనకి ఆ రుచి గుర్తుంది. నాకు రుచి గుర్తులేదు, చెయ్యి గుర్తుంది. నీళ్ల దగ్గర కబుర్లు ఆయనకి గుర్తు. ఆయన అరుగు మీద కూర్చుని వినేవారు లెండి. నాకు బిందె గుర్తు. మీరేమో ఆయన జ్ఞాపకాన్ని తీసుకొచ్చి నా మీద అమలు చేశారు. నేనడిగేది ఒక్కటే. ఎవరి తీపిజ్ఞాపకం వాళ్లకి అమలు చెయ్యండి. ఆయనకి రోలంటే ప్రాణం, ఆయనకే ఇవ్వండి. డెబ్బై ఆరులో నాకూ ఒక తీపిజ్ఞాపకం ఉంది. శ్రావణంలో పుట్టింటికెళ్లి పదిరోజులు మా అమ్మ వండిపెడితే కూర్చుని తిన్నాను. నాకది అమలు చెయ్యండి."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ వీధిలో అంత గట్టిగా చప్పట్లు అంతకుముందు ఎవరూ విని ఉండరు. కమిషనర్ గారు ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీలోంచి ఎగిరి లేచారు. "వ్యక్తిగత స్మృతి ఆధారిత అమలు! ఇంత ప్రగతిశీలమైన సవరణ మన కార్యాలయంలో ఎవరికీ తట్టలేదు. గరుడాచలం, రాసుకో. అనుభూతి ఎవరిదో అనుభవం వారిదే అగును. శాశ్వతీకరణ వచ్చే శనివారానికి వాయిదా."

తాయారమ్మ గారు ఆ మధ్యాహ్నం బస్సెక్కలేదు. "ఇంత వినోదం వదిలేసి తెనాలి ఎలా వెళ్తానూ?" అన్నారు పక్కింటావిడతో. కానీ వెళ్లనని మాత్రం చెప్పలేదు.

గరుడాచలం రెండు రోజులు కూర్చుని వీధిలోని ఆడవాళ్ల జ్ఞాపకాలన్నీ సేకరించాడు. పెద్దవయసు వాళ్లు ఇరవై ముగ్గురు. ఇరవై ముగ్గురిదీ ఒకటే జ్ఞాపకం, పుట్టిల్లు. పుట్టిళ్లేమో ఒకటి బాపట్ల, ఒకటి రేపల్లె, ఒకటి చీరాల. ఏదీ ఈ పురపాలక సంఘం హద్దుల్లో లేదు. అంచేత ఆ దరఖాస్తుల్ని తగుచర్య నిమిత్తం ఆయా ఊళ్లకి బదిలీ చేసి, తన రిజిస్టరులో ఇలా రాసుకున్నాడు: "ఈ వార్డు పరిధిలో మహిళలకు తీపిజ్ఞాపకాలు: లేవు. కావున వారికి ఏ పనీ అమలు చేయనవసరం లేదు."

అతను ఆ వాక్యాన్ని అందరి ముందూ చదివాడు. పరాంకుశం గారికి అది చెంప మీద కొట్టినట్టయింది గాని, ఎందుకయిందో అప్పుడు తెలియలేదు.

ఇక మొగవాళ్ల సంగతి. సోమవారం తెల్లవారుతూనే కోదండపాణి మాస్టారు రెండు బిందెలతో కుళాయి దగ్గర నిలబడ్డారు. ఊరి కబుర్లేమీ చెవిన పడలేదు, నడుం మాత్రం పట్టేసింది. ఎనిమిదో బిందె దగ్గర ఆయన కూలబడి, "గరుడాచలం, నాయనా, ఇలా రా. నాకేమీ గుర్తులేదు" అన్నారు.

"మొన్నటిదాకా అన్నీ గుర్తున్నాయన్నారు కదా మాస్టారూ?"

"అన్నానా? చూశావా, అదీ గుర్తులేదు."

గరుడాచలం జ్ఞాపకరాహిత్య ధ్రువీకరణ పత్రం తీశాడు. "1976లో మీరేం చేస్తుండేవారు?"

"పిల్లలకి పాఠాలు చెప్పేవాణ్ననుకుంటా. చెప్పలేను."

"వివాహమైందా?"

"ఇంట్లో ఒకావిడ ఉంది. కనుక్కుని చెబుతాను" అన్నారు మాస్టారు. లోపల్నుంచి ఆయన భార్య పకపకా నవ్వడం వీధిలోకి వినిపించింది.

ఆ తర్వాత ఒక్కొక్కరే రాలిపోయారు. పొయ్యి ఊదినవాళ్లకి సాయంత్రానికల్లా మతిమరుపొచ్చింది. దుప్పట్లు ఉతికిన పోస్టల్ రిటైర్డ్ ఆయనకైతే తన పేరు కూడా రెండుసార్లు అడిగితే గాని రాలేదు. మస్తాన్ వలీని అడిగితే, "నేనింకా పుట్టనే లేదు గదా సారూ, నాకేం గుర్తుంటది?" అన్నాడు. శుక్రవారానికి కరణాల వీధి మొత్తంలో జ్ఞాపకం మిగిలిన మనిషి ఒక్కరే, పరాంకుశం గారు.

ఆయన రుబ్బుతున్నారు. అయిదు రోజులుగా రుబ్బుతున్నారు. అరచేతులు బొబ్బలెక్కాయి, పొత్రం జారి వేలిగోరు నల్లబడింది, పెరట్లో ఎండ నెత్తిమీదే కాస్తోంది. గోంగూర మాత్రం గోంగూరలాగే ఉంది. గరుడాచలం వచ్చి రుచి చూసి, "పలుకు మరీ ఎక్కువగా ఉంది. ఇంకో గంట రుబ్బాలి" అన్నాడు. తాయారమ్మ గారు గుమ్మంలో పీట వేసుకుని, విసనకర్రతో విసురుకుంటూ చూస్తున్నారు. సాయం చేయలేదు, సణగలేదు. చూస్తున్నారు, అంతే.

"ఏమండీ, మీ ఒక్కరికీ గుర్తున్నంతకాలం ఈ వీధి ఇలాగే ఉంటుందట. కమిషనర్ గారు రేపొచ్చి మీ ఒక్కరికోసమైనా శాశ్వతం చేస్తారట. రేపు మధ్యాహ్నం బస్సు రెండున్నరకి" అన్నారావిడ మామూలు గొంతుతో.

పరాంకుశం గారు పొత్రం వదిలేశారు. "కాగితం ఇటివ్వవయ్యా" అన్నారు.

అన్ని ప్రశ్నలకీ గబగబా రాసేశారు. పచ్చడి రుచి గుర్తున్నదా? లేదు. కట్టెపొయ్యి? లేదు. ఉత్తరాలు? లేదు. అబద్ధాలే అన్నీ, రాసేకొద్దీ శాలువా ఎవరో లాగేసుకుంటున్నట్టే ఉంది. ఆఖరి ప్రశ్న దగ్గర కలం ఆగింది. "సదరు పనులు మీ గృహమునందు ఎవరు, ఏ విధముగా చేయుచుండిరో గుర్తున్నదా?"

తాయారే కదా చేసేది, ఆ మాత్రం తెలీదా? కానీ ఏ విధంగా? ఆయన కళ్లు మూసుకుని వెతికారు. రోటి చప్పుడు గుర్తొచ్చింది. తాలింపు వాసన గుర్తొచ్చింది. పళ్లెంలో పచ్చడి రంగు కూడా గుర్తొచ్చింది. రోటి ముందు కూర్చున్న మనిషి మొహం మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. ఆవిడకప్పుడు ఇరవై ఏళ్లు. ఏ రంగు చీర కట్టేదో, చెమట ఎలా తుడుచుకునేదో, ఒక్కటి గుర్తుంటే ఒట్టు. ఆయన ఆ రోజుల్లో అటు తిరిగి చూడనే లేదు.

"లేదు" అని రాశారు. ఆ కాగితం మొత్తంలో అదొక్కటే నిజం. సంతకం పెట్టి, మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లి చాలాసేపు ఉండిపోయారు.

శనివారం నాడు కరణాల వీధిని "స్మృతిరహిత వీధి"గా ప్రకటించి బోర్డు పెట్టారు. లారీ వెనక్కి వచ్చింది. గ్యాసు, మిక్సీలు, ఫోన్లు ఎవరివి వాళ్లకి చేరాయి. మస్తాన్ వలీ పుట్టాడు. రెండున్నర బస్సు వెళ్లిపోయింది. తాయారమ్మ గారు ఎక్కలేదు గాని, "సోమవారం వెళ్దామనుకుంటున్నాను" అని మాత్రం అన్నారు. ఆయన ఎందుకని అడగలేకపోయారు.

అయితే అధికారులు అంత తేలిగ్గా ఊరుకుంటారా? ఒక వీధి మొత్తానికి ఒకే వారంలో మతి పోయిందంటే అది ప్రజారోగ్య సమస్య. ఆదివారానికల్లా జ్ఞాపకశక్తి పునరుద్ధరణ శిబిరం పెట్టేశారు. ఒక నర్సమ్మ రోజూ ఇంటింటికీ వచ్చి, గరిటెడు సరస్వతీ లేహ్యం నోట్లో వేసి, ఏమైనా గుర్తొచ్చిందా అని అడిగి రాసుకోవాలి. వీధిలో ఏ ఒక్కరికి ఏ ఒక్కటి గుర్తొచ్చినా పాత పథకం దానంతటదే తిరిగి అమల్లోకి వస్తుందని బోర్డు కిందే చిన్న అక్షరాలతో రాసి ఉంది.

సోమవారం ఉదయం నర్సమ్మ వచ్చింది. "తాతగారూ, ఏమన్నా గుర్తొచ్చిందా?"

పరాంకుశం గారు లేహ్యం మింగి, "ఏమీ లేదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి టిక్కు పెట్టుకుని బయటికి నడిచింది. ఆయన లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లారు. తాయారమ్మ గారు మిక్సీ జారుకి మూత పెడుతున్నారు, ఎడమచేత్తో.

"తాయారూ" అన్నారు. "శుక్రవారం ఆ కాగితం ఇచ్చి పెరట్లోకి వెళ్లినప్పుడు, ఎండలో ఉన్న రోలు చూస్తే తట్టింది. మూడు రోజుల్నుంచి చెప్పాలనుకుంటున్నాను. డెబ్బై ఆరు వేసవి. అప్పటి మన రోలూ పెరట్లో ఎండలోనే ఉండేది. దాన్ని వసారాలోకి జరిపించమని నువ్వడిగావు. ఇద్దరు మనుషులు ఓ పూట పట్టుకుంటే చాలన్నావు. నేను పేపరు చదువుతూ, చూద్దాంలే అన్నాను."

ఆవిడ చెయ్యి మూత మీదే ఆగిపోయింది. వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఎన్నాళ్లు చూశారో అది కూడా గుర్తొచ్చిందా?"

"పన్నెండేళ్లు. మిక్సీ కొనేదాకా. జరిపించలేదు, తాయారూ. నేను ఒక్కసారీ..." ఆయన గొంతు పెద్దదయింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

తాయారమ్మ గారు గబుక్కున తిరిగి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ష్! మెల్లిగా. ఆ నర్సు పిల్ల ఇంకా గేటు దాటలేదు."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి గేటు గడియ పడే చప్పుడు వినేదాకా అలాగే నిలబడ్డారు. ఆ తర్వాత ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచి, ఫోను తీసి, ఇవాళ బస్సెక్కడం లేదని తెనాలి చెల్లెలికి చెప్పారు.